అక్క పేగులో మచ్చ

మా అక్క కోరుట్లలో బీడీలు చుడుతుంది. నేను సిరిసిల్లలో సాంచాలు నడుపుతాను, అంటే పవర్‌లూమ్‌లు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే.

ఆమె కడుపునొప్పి ఏమిటో చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు. తిన్న గంటకు కడుపు ఉబ్బి మెలిపెట్టేది. వాంతయితే గానీ తగ్గేది కాదు. మొదట టీబీ అనుకుని ఆ మందులే ఇచ్చారు. కోర్సు పూర్తయినా నొప్పి పోలేదు. చివరికి జగిత్యాలలో ఒక డాక్టర్ స్కానింగ్ తీయించి హైదరాబాద్ పంపించాడు. అక్కడ క్రోన్స్ జబ్బు అన్నారు. చిన్నపేగులో పుండ్లు పడి, మానిన చోటల్లా మచ్చ కట్టి, పేగు ఇరుకైపోయిందట.

సూదిమందుతో పుండ్లు తగ్గాయి, ఇరుకు తగ్గలేదు. లోపలికి గొట్టం పంపి, చిన్న బుడగ ఊది, దాన్ని వెడల్పు చేశారు. ఇంటికొచ్చిన వారానికి అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, ఇయ్యాల మక్కరొట్టె తిన్న. ఏం కాలే."

సాంచాల చప్పుడులో వినపడక బయటికి వచ్చి మళ్లీ చెప్పించుకున్నాను. ఆ ఆదివారం కోరుట్ల వెళ్లి, ఆమె మొక్కజొన్న రొట్టెను పచ్చిమిర్చి తొక్కులో అద్దుకుని తింటుంటే చూస్తూ కూర్చున్నాను. బాగైందనే అనుకున్నాం ఇద్దరం.

నాలుగు నెలలకు మళ్లీ వాంతులు, మళ్లీ బుడగ. ఈసారి రెండు నెలలు కూడా ఆగలేదు. ఆపరేషన్ చేసి ఇరుకైన ముక్క తీసేశారు. ఏడాదిన్నరకు, కుట్టిన చోటే మచ్చ కట్టింది.

మొన్న బావ వరికోతల్లో ఉంటే, జగిత్యాల డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన కొత్త స్కానింగ్ చాలాసేపు చూశాడు.

"సార్, పుండుకు మందున్నది గదా," అంది అక్క. "గీ మచ్చను కరగవెట్టేది లేదా?"

"లేదమ్మా. వాపుకు ఉన్నయి. మచ్చకు ఇంకా రాలే. వెతుకుతున్నరు."

"ఎప్పుడస్తది?"

"చెప్పలేను."

"మల్ల కోస్తరా?"

"కొయ్యచ్చు. గని కోసినకొద్దీ పేగు తక్కువైతది. మల్ల మచ్చ కట్టదని నేను మాటియ్యలేను."

అక్క తలూపి చెప్పులేసుకుంది.

బస్టాండులో నేను, "కొత్త మందు అస్తదక్క, జర ఓపిక పట్టు," అన్నాను.

"చిన్నప్పటి సంది నీకు అబద్ధం చెప్పుడు రాదు తమ్మీ," అని నా చేతిలోంచి ఆస్పత్రి కాగితాల సంచి తీసుకుంది.

కోరుట్ల బస్సు రాగానే ఇద్దరం ఎక్కాం.

ఇప్పుడు ఆమె జావ మీద, వడగట్టిన పప్పుకట్టు మీద ఉంది. బీడీల చాట ముందు గంటసేపు కూడా కూర్చోలేకపోతోంది. ఫోన్ ఎత్తగానే "తిన్నవా అక్క" అనడం నాకు అలవాటు. అది మానేశాను. బావ కోతల సంగతి అడిగి పెట్టేస్తాను.