పని నేర్పిస్తరా, చాయ్ మోయిస్తరా?

మా పక్కింటి సారు పోయారని ఈ నెల మొదట్లో ఆయన కొడుకు గోడ మీంచి చెప్పాడు. అంతకు వారం ముందు అదే గోడ దగ్గర నిలబడి, పొర్లుతున్న మా ట్యాంకు చూపిస్తూ, "ఏం బిడ్డా, కోట్‌పల్లి ప్రాజెక్టుకు నువ్వే నీళ్లిస్తున్నవా?" అని నన్ను ఆట పట్టించిన మనిషి.

వికారాబాద్‌లో ఐటీఐ పిల్లలకు ఎలక్ట్రికల్ చెప్పి రిటైరయ్యారు. పెళ్లికి ఇస్త్రీ చొక్కా వేసుకున్నా జేబులో టెస్టర్ ఉండాల్సిందే. తాండూరు వైపు ఫ్యాక్టరీలన్నీ తిరిగి, పిల్లలకు జీతమిచ్చి పని నేర్పమని అడిగేవారు.

ఒకేషనల్ ఇంటర్ అయ్యాక నా బిడ్డ కాలేజీ వద్దు, కరణ్‌కోట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరతానంది. నేను ఎమ్మే చదివినదాన్ని. రేపెవరైనా డిగ్రీ ఏదంటే? సారుతో అంటే నవ్వారు.

"డిగ్రీ యాడికి పోతది బిడ్డా? జీతం తీసుకుంట సుత చదువుకోవచ్చు. ఫికర్ చెయ్యకు."

"మీకేం సార్, మీ బిడ్డ కాదు గదా!"

"అయితే పా, పోయి చూసొద్దాం."

ముగ్గురం రైలెక్కి తాండూరులో దిగి, ఫ్యాక్టరీకి వెళ్లాం. ఆఫీసులో ఆయన మొదటి మాట: "పని నేర్పిస్తరా, చాయ్ మోయిస్తరా?"

ఆఫీసరు నవ్వబోయి ఆగాడు. "నేర్పిస్తం సార్."

"ఎవరు? ఆయన్ని పిలువుండ్రి."

పని నేర్పే పెద్ద ఎలక్ట్రీషియన్ వచ్చి కూర్చునేదాకా సారు చాయ్ ముట్టలేదు. ఆడపిల్లలకు బాత్రూం ఎంత దూరం, సాయంత్రం రైలందేలా బస్సుందా అని, నేను మొహమాటపడి మింగేసినవన్నీ ఆయనే అడిగారు.

బిడ్డ చేరింది. మొదటి నెల జిలేబీ పట్టుకెళ్లి, "స్టైపెండ్ వచ్చింది సార్" అంటే, "జీతమను. పని చేస్తున్నవ్ గదా!" అని మందలించి, రెండు చుట్లు ఎక్కువే తిన్నారు.

నా అనుమానం పూర్తిగా తీరిందని చెప్పను. దూరవిద్య ప్రకటన కనిపిస్తే ఇప్పటికీ బిడ్డకు ఫోన్‌లో పంపుతాను. "చూస్త తియ్యమ్మా" అంటుంది. కానీ డ్యూటీ నుంచి వచ్చి, అన్నం కలుపుతూ, కాలిపోయిన మోటారు ఎలా తిరిగిందో చెబుతుంటే నేను కూర వడ్డించడం మరిచిపోతాను.

సారు దినం నాడు సాయంత్రం వాళ్ల ఇంటిముందు టెంటులో బల్బు వెలగలేదు. బిడ్డ మెయిన్ ఆపించి స్టూలెక్కింది.

"ఎవరన్న పట్టుకోండ్రమ్మా! మీ సారుంటే స్టూలు పట్టుకోరా అని ఒర్రుతుండె," అంది ఆయన భార్య, కళ్లు తుడుచుకుంటూనే.

నేను లేచివెళ్లి స్టూలు రెండు చేతులా పట్టుకున్నాను. పైనుంచి వైరు తొక్కలు ఒక్కొక్కటే నా జుట్టులో రాలుతున్నాయి.