సర్లే వదిన తాళాలు

ఆవిడకి ఆ పేరు ఆడపడుచు పెట్టింది. ఎవరేమడిగినా "సర్లే" అనేస్తుంది కాబట్టి సర్లే వదిన. ఆ పిలుపు వీధంతా పాకింది. పళ్ళ డాక్టరూ, టైలరూ, పూల కొట్టాయనా, వయసులో తనకంటే పెద్దవాళ్ళు కూడా ఇప్పుడు వదినా అనే పిలుస్తారు. వాళ్ళందరి వెబ్‌సైట్లూ చూసుకునేది ఆవిడే. లాండ్రీ పైన ఒక గది, కిటికీలోంచి రోజంతా ఇస్త్రీ ఆవిరి, బల్ల మీద రెండు తెరలు, తాగడం మర్చిపోయిన కాఫీ. ఆఫీసంటే అదే.

పని తెలిసిన మనిషే, కాదనను. కానీ మొహమాటం ఉంది చూశారూ, అదే ఆవిడ కొంప ముంచింది. సైటు నడిపే సాఫ్ట్‌వేరులో ప్రతి ఫోల్డరుకీ పర్మిషన్లుంటాయి: ఎవరు చదవచ్చు, ఎవరు రాయచ్చు అని. పూల కొట్టాయన ఫోన్ చేసి ఫొటో ఎక్కట్లేదు వదినా అంటే, ఎందుకు ఎక్కట్లేదో తీరిగ్గా వెతకాలి. వెతికేది కాదు. ఆ ఫోల్డరులో ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చని బార్లా తెరిచేసేది. ఫొటో ఎక్కేది, ఆయన సంతోషించేవాడు, తర్వాత మళ్ళీ బిగిద్దాంలే అని ఈవిడ అనుకునేది. ఆ తర్వాత అనేది ఏనాడొచ్చింది గనక! ఇంటి తలుపూ అంతేనని మొగుడు దెప్పుతుండేవాడు. ఒకరోజు వంటింట్లో టీ పెట్టుకుంటున్న మనిషెవరని ఆయన అడిగితే, ఆవిడా వెళ్ళి చూసి రావలసి వచ్చింది.

ఇలా ఉండగా ఆడపడుచు బ్యాంకు ఉద్యోగం మానేసి, పెద్దవాళ్ళకి ఈత నేర్పుతానంది. పిల్లలకి కాదు. నలభై దాటినా నీళ్ళంటే బెదురు పోక, ఆ సంగతి పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్ళకి. ఇంట్లో అందరూ నోరెళ్ళబెట్టారు. వదిన మాత్రం సర్లే అని సైటు కట్టిపెట్టింది. ఈత కొలను మేనేజరు ఒక షరతు పెట్టాడు: శనివారం సాయంత్రంలోగా పది మంది చేరితే ఉదయం వేళ ఆమెది, లేదంటే వాటర్ పోలో జట్టుది. అది చేజారితే ఆడపడుచు మళ్ళీ బ్యాంకు కౌంటరు వెనక్కే వెళ్ళాలి. చేరేవాళ్ళు సైట్లో ఫారం నింపి, గుండె బాగానే ఉందని డాక్టరిచ్చిన కాగితం ఫొటో జతచెయ్యాలి.

గురువారం పొద్దున్నే ఆడపడుచు ఫోన్.

"వదినా, నా సైట్లో విగ్గులు అమ్ముతున్నారేంటి?"

చూస్తే నిజమే. నీలం నీళ్ళుండాల్సిన చోట నిగనిగలాడే జుట్టు, పక్కనే సగం ధరకే అన్న కేక. వదిన ఆ పరాయి ఫైలు వెతికి పట్టుకుని తీసిపారేసింది. టీ తాగి వచ్చేసరికి మళ్ళీ విగ్గులు. మళ్ళీ తీసింది, మళ్ళీ వచ్చాయి. అప్పుడు వెలిగింది ఆవిడకి. ఒక సర్వరులో బోలెడు సైట్లు పక్కపక్క వాటాల్లో కాపురముంటాయి. ఏదో వాటాలో దొంగ దూరాడు. వదిన ఫోల్డర్లన్నీ ఎవరైనా రాయచ్చని తెరిచే ఉన్నాయి కదా, వాడికి ఇక గోడ దూకే శ్రమ కూడా లేదు. పాస్‌వర్డులుండే ఫైలుని సైతం తీరుబడిగా చదువుకుని పోయాడు.

ఒళ్ళు మండిపోయింది ఆవిడకి, వాడి మీద కంటే తన మీద ఎక్కువ. రోజంతా కూర్చుని చెత్తంతా ఊడ్చింది, పాస్‌వర్డులు మార్చింది, ఒక్కో ఫోల్డరూ బిగించింది. ఎప్పుడూ ఊఁ అనే మనిషి ఒకసారి ఊహూఁ అనడం మొదలుపెడితే చూడాలి ఆ తమాషా! ఇకనుంచి చదువుకోవడమే, రాయడానికి లేదు, ఎవరికీ లేదు, చివరికి సైటు నడిపే సాఫ్ట్‌వేరుక్కూడా లేదు. ఆ సాయంత్రం మొగుడు గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చా అని అడిగాడు పాపం.

శనివారానికి సైటు అద్దంలా ఉంది. విగ్గుల్లేవు. మనుషులూ లేరు. మధ్యాహ్నమైనా ఒక్క పేరూ చేరలేదు. మనసాగక వదిన రొట్టెలు పొట్లం కట్టుకుని, ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని కొలను దగ్గరికి వెళ్ళింది. ఆడపడుచు మెళ్ళో ఈలతో, తడి మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. బ్యాంకులో తన సీటింకా ఖాళీగానే ఉందట, ఫోన్ చేసి కనుక్కుందట. ఆ మాట చెప్పి నవ్వబోయి, నవ్వు రాక తల తిప్పుకుంది. వదిన పొట్లం విప్పి ఒక రొట్టె ఆమె చేతిలో పెట్టింది.

అంతలో ఒక బస్సు డ్రైవరు లోపలికి వచ్చాడు. భారీ మనిషి, డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు, టోపీ తీసి రెండు చేతులతో నలుపుతున్నాడు. చుట్టూ ఎవరూ వినడం లేదని చూసుకుని గొంతు తగ్గించాడు.

"అమ్మా, నా గుండె గట్టిదని డాక్టరన్నాడు. మీ సైటేమో పొద్దున్నుంచీ ఒప్పుకోవట్లేదు. నా దగ్గరేమన్నా దాస్తున్నారా?"

ఫోను చూపించాడు. కాగితం జతచేసినప్పుడల్లా ఎర్రటి అక్షరాలు: అనుమతి లేదు. వదినకి అప్పుడు అర్థమైంది. డాక్టరు కాగితాలు వచ్చి పడాల్సిన ఫోల్డరుని కూడా తనే బిగించేసింది. దొంగ రాకూడదని వేసిన తాళం చుట్టాలకీ పడింది. సైటు కంటికి మెరుస్తుంటే చాలనుకుందే తప్ప, ఒక్కసారైనా ఫారం నింపి చూసుకున్న పాపాన పోలేదు.

"నేనేనే," అంది ఆడపడుచుతో. "నేనే మూసేశాను."

తిట్లు తినడానికి సిద్ధపడింది. ఆడపడుచు తిట్టలేదు, మరి తొందరగా తెరువు అంది. వదిన ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. అలవాటు కొద్దీ చెయ్యి అందరికీ అన్నీ ఇచ్చెయ్యడానికే పోయింది. బలవంతాన ఆపుకుని, ఆ ఒక్క ఫోల్డరులో ఆ ఒక్క సాఫ్ట్‌వేరు మాత్రమే రాయగలిగేలా పెట్టింది. వచ్చి పడ్డది ఫొటోలా పడి ఉండాలే గానీ ప్రోగ్రాములా లేచి నడవకుండా కూడా కట్టడి చేసింది. డ్రైవరు మళ్ళీ నొక్కాడు. కాగితం ఎక్కింది. అయితే నా గుండె సంగతేంటి అని ఇంకా అనుమానంగా అడిగాడు.

"బంగారం లాంటి గుండె, అన్నయ్యా," అంది వదిన.

ఈయనంటే ధైర్యం చేసి వచ్చి అడిగాడు. మిగతావాళ్ళు అడుగుతారా? అడగలేని సిగ్గరులు కాబట్టే కదా ఈ చదువుకి రావాలనుకున్నది. ఎంతమంది తమ గుండె మీద తామే అనుమానపడి, డాక్టరు మాట నమ్మాలో సైటు మాట నమ్మాలో తెలియక ఇళ్ళల్లో ముడుచుకుని ఉన్నారో! వదిన మొదటి పేజీలో, పెద్దక్షరాల్లో పెట్టింది: ఇంతవరకూ మీ కాగితం ఎక్కకపోవడం మా పొరపాటు, మీ గుండెలో ఏ లోపమూ లేదు, దయచేసి మళ్ళీ రండి.

కాసేపు ఏమీ లేదు. ఇద్దరూ తెర వంకే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒక వడ్రంగి చేరాడు. వెనకే సంగీతం మాస్టారు. ఒక తల్లీ కూతురూ కలిసి ఒకే ఫారంలో రెండు పేర్లు రాయబోయి, రెండుసార్లు నింపారు. పొద్దు వాలకముందే పది దాటింది. మేనేజరు వచ్చి, తెర చూసి, వెళ్ళి బోర్డు మీద వాటర్ పోలో అన్న మాట చెరిపేశాడు.

ఆడపడుచు పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతూ మధ్యలో ఆగిపోయింది. పైటతో కళ్ళు ఒత్తుకుంది.

"పొద్దున్నుంచీ నేనెవరికీ అక్కర్లేదనుకున్నా వదినా."

"వాళ్ళూ అదే అనుకుంటూ కూర్చున్నారే," అంది వదిన.