గోటికి తగలని గుర్తు

“వాడు నన్ను దొంగను చేసేదానికే ఆ రాయిలాంటి వాచీ తెచ్చి నా చేతిలో పెట్టినాడప్పా. నువ్వు కాదంటే కాదను, నా మాటయితే ఇదే. ఎర్ర వాచీ యాడన్నా చూసినావా? పట్టీ ఎర్రగుంటే సరే అనుకుందాం. కేసూ ఎరుపే, వెనక మూతా ఎరుపే, మూత లోపల కూడా ఎరుపే. పైగా గీస్తే గీత పడదు. గీత పడని వాచీ అంటే దాంట్లో ఏదో మర్మం ఉండాదనే కదా?”

జమాల్ సాబ్ ఇట్లా మొదలుపెడితే మధ్యలో అడ్డం రాకూడదని ఓబిలేష్‌కు తెలుసు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లకు మిషన్లు బాగుచేసి పెట్టడం ఓబిలేష్ పని. ఆ పని ఎవరూ నేర్పింది కాదు, ఊడదీసి బిగించి తానే నేర్చుకున్నాడు. గోళ్ళ సందుల్లో జీన్సు నీలం ఎన్ని సబ్బులరిగినా పోదు. పని తెరిపిచ్చిన మధ్యాహ్నాల్లో బస్టాండు పక్కన జమాల్ సాబ్ వాచీల అంగడికొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంటాడు. ముసలాయన చెప్తుంటే వినడం అతనికి కడుపు నిండా తిన్నంత సుఖం.

“తిప్పేష్ అట్లాంటోడు కాదులే మామా” అన్నాడు మెల్లగా.

“ఎట్లాంటోడో నీకెట్ల తెలుసు? వాని మిషన్లు బాగుచేస్తావు, వాన్ని కాదు కదా.”

తిప్పేష్ ఊరి చివర జీన్సు యూనిట్ నడుపుతాడు. బెంగుళూరులో బట్టలు కొనే సేటు ఒకాయన మెచ్చి ఇచ్చాడంటూ ఒక ఎర్ర వాచీ పెట్టుకుని తిరుగుతున్నాడు. ఈమధ్య అది పరుగందుకుని గంటకింత ముందుకు పోతుంటే జమాల్ సాబ్ దగ్గర ఇచ్చాడు. యూనిట్‌లో పాటల స్పీకరు మీద వాచీ పెట్టి మరిచిపోయాడట. అయస్కాంతం పట్టుకుంది. ముసలాయనకు అది పెద్ద పనేం కాదు, కరెంటు పారే పాత రాగిచుట్ట మధ్యన పెట్టి తీస్తే ఆ అయస్కాంతం విడిచిపోయింది. చిక్కు అంతా దానికి ముందు చేసిన పనిలో వచ్చింది.

జమాల్ సాబ్ చేతికి వచ్చిన ఏ వాచీ అయినా సరే, ఇచ్చిన మనిషి ఎదురుగానే వెనక మూత విప్పుతాడు. గుర్తు సూదితో మూత లోపల చిన్న చంద్రవంక, దాని కింద ఒక చుక్క గీస్తాడు. కంటికి బిగించుకునే భూతద్దం ఇచ్చి చూసుకోమంటాడు. తీసుకుపోయే రోజు మళ్ళీ విప్పి అదే గుర్తు చూపించి ఇస్తాడు. బళ్ళారిలో పని నేర్పిన ఉస్తాద్ పెట్టిన కట్టుబాటు అది. ఎప్పుడో బెళుగుప్ప సుంకప్ప అనే రైతు, తన పెళ్ళి వాచీ మార్చి వేరేది అంటగట్టావని అంగడి ముందర పెద్దమనుషులను కూర్చోబెట్టినప్పుడు ఆ చంద్రవంకే జమాల్ సాబ్ మానం కాపాడింది. ఆ తర్వాత సుంకప్ప బతికినన్నాళ్ళు, నాలుగు చినుకులు పడి పంట చేతికొచ్చిన ప్రతి ఏడాదీ, ఒక సంచి పచ్చి చెనక్కాయలు తెచ్చి అంగడి అరుగు మీద పోసి పోయేవాడు. కరువులకు వలసపోయినవాళ్ళు వదిలేసిన వాచీలు కూడా జమాల్ సాబ్ పెట్టెలో ఉన్నాయి, వాటిలోనూ చంద్రవంకలే.

“గుర్తు గీయబోతే సూది సర్రున జారిపోయిందప్పా” అన్నాడాయన, గొంతు తగ్గించి. “మంచుగడ్డ మీద కాలు పెట్టినట్ల. చంద్రవంక కొస తోకలాగా బయటికి పోయింది. తిప్పేష్ అద్దంలో చూసి నవ్వినాడు. ‘ఏం మామా, నీ చంద్రునికి తోక మొలిచిందే’ అన్నాడు. నేనూ నవ్వి పంపించినా. వాడు పోయినాక గోటితో తడిమి చూస్తే ఏముండాది? గీతే లేదు. నున్నగా ఉండాది. ఉస్తాద్ ఏం చెప్పినాడు? గోటికి తగలనిది గుర్తు కాదు అన్నాడు. వాన్ని వెనక్కి పిలిచి ఆ మాట చెప్పాల్సింది. సిగ్గయి చెప్పలేకపోయినా.”

“ఇప్పుడేమయింది?”

“నిన్న వచ్చినాడు. ఈ బల్ల దీపం కింద వాచీ చూసినాడు. చూసి, ‘మామా, ఇది నాదేనా? రంగు తగ్గినట్లుండాదే’ అన్నాడు. విన్నావా? రంగు తగ్గినట్లుండాదంట. చేతికి కూడా తీసుకోకుండా పోయినాడు. ఈ పొద్దు బామ్మర్దిని తోడు తీసుకొనొస్తాడంట. ‘నీ తోక చంద్రుణ్ణి చూపియ్యి, తీసుకుపోతా’ అన్నాడు. మూత విప్పితే గుర్తు లేదు. ఇంక నేనేం చెప్పాల? ఊరంతా ఏమంటాది? జమాల్ సాబ్ ముసలితనంలో వాచీలు మార్చడం మొదలుపెట్టినాడు అంటాది.”

అంగడి వెనక గది నుంచి వెల్లుల్లి దంచుతున్న చప్పుడు ఆగింది. ఆయన భార్య మేరాజ్ బీ వింటోంది.

తిప్పేష్ వాచీ సంగతి ముందే విని, ఓబిలేష్ ముందు రాత్రి చాలాసేపు ఫోన్లో సిరామిక్ వాచీల గురించి, అంటే పింగాణీ లాంటి పదార్థంతో చేసేవాటి గురించి, చూసి వచ్చాడు. తెలిసింది చెప్పకుండా ఉండలేకపోయాడు. “మామా, అది మామూలు రాయి కాదు. పిండిలాంటి పొడిలోనే రంగు కలిపి, అచ్చులో అదిమి, కొలిమిలో కాలుస్తారంట. కాల్చినాక కుంచించుకుపోయి గట్టిపడతాదంట. అన్నిట్లోకీ ఎరుపు కష్టమంట, ఆ మంటకి ఎరుపు నిలవదు, నల్లబడి చస్తాది. అది నిలిపేదానికి ఏండ్లు తిప్పలుపడినారంట. రంగు పైన పూసింది కాదు. మన జీన్సు చూడు, దారం పైపైనే నీలం, రుద్దితే లోపలి తెలుపు బయటపడతాది. ఇది అట్లా కాదు, ఎంత లోపలికి పోయినా ఎరుపే.”

“ఫోన్లో ఎవడు ఏమన్నా చెప్తాడు. వాచీ అమ్మేటోడే కదా అది రాసేది” అన్నాడు జమాల్ సాబ్. “రంగు లోపలంతా ఉంటే, మరి తగ్గిందని వాడెట్లన్నాడు?”

ఓబిలేష్ స్టూలు మీంచి లేచాడు. “ఒకసారి ఇటియ్యి” అని వాచీని జాగ్రత్తగా అందుకుని అంగడి గడప దగ్గరికి తీసుకుపోయాడు. బయట ఎండ మండిపోతోంది. ఆ ఎండలో వాచీ కళ్ళంలో ఆరబోసిన మిరపపండు రంగుకొచ్చింది. వెనక్కి తెచ్చి బల్ల దీపం పసుపు వెలుతురులో పెడితే పాత ఇటుక రంగు.

“చూస్తాండావా మామా? తిప్పేష్ నీకిచ్చింది పగలు, ఎండలో. చూసింది ఈ దీపం కింద.”

జమాల్ సాబ్ మొగం ఏం తేలికపడలేదు, ఇంకా ముడతలు పడింది. “ఒక వాచీకి రెండు రంగులేందప్పా? ఇట్లా ఊసరవెల్లిని పట్టుకొచ్చి నాకే ఎందుకు ఇచ్చినాడు? రంగు సంగతి నువ్వు చెప్తావు, వాని బామ్మర్ది వింటాడా? వాడు గుర్తు అడుగుతాడు.”

“మూత విప్పు, చూద్దాం.”

“ఏముండాది చూసేదానికి? గీత బదులు నల్లగా మసి లాంటిదేదో అంటుకొని ఉంటే, మురికి అనుకొని పెట్రోలు గుడ్డతో తుడిచినా. ఒక పట్టాన పోల్యా. మళ్ళీ తుడిచినా. అదీ దరిద్రం, ఆ రాయికి మురికి పడితే పోదు.”

అప్పుడు మేరాజ్ బీ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. భర్తను ఆమె ఎప్పుడూ కొడుకు పేరు పెట్టే పిలుస్తుంది.

“అక్బర్ అబ్బా, కత్తి నూరితే సానరాయి మీద నల్లగా పడేది ఏంది?”

“కత్తి ఇనుం. అదేం ప్రశ్న?”

“రాయి అరిగిందా, కత్తి అరిగిందా?”

జమాల్ సాబ్ ఏదో కసురుకోబోయి ఆగిపోయాడు. సొరుగు లాగాడు. గుర్తు సూది తీసి, కంటికి అద్దం బిగించి, దాని మొన చూశాడు. చాలాసేపు చూశాడు. ఎన్ని వాచీల ఉక్కును గీసినా వంగని మొన అది. ఇప్పుడు బియ్యపు నూక కొసలాగా మొద్దుబారి ఉంది. ఆ అరిగిన మొనే మూత మీద నల్లగా అంటుకుందని ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆయన మూత మరలు ఒక్కొక్కటే విప్పాడు. ఓబిలేష్ బల్ల మీదికి వంగాడు. తుడిచి తుడిచి అది కాస్తా పోగొట్టి ఉంటే?

మూత వెల్లకిలా తిరిగింది. ఎర్రటి నేల మీద సన్నగా, సీసం పెన్సిలుతో గీసినట్టు బూడిద రంగులో చంద్రవంక. చుక్క పల్చబడింది గానీ ఉంది. తోక మాత్రం ఎక్కడా చెరగలేదు, చంద్రుడి కొసనుంచి మూత అంచుదాకా జారిపోయి ఉంది.

జమాల్ సాబ్ గోటితో తడిమాడు. తగల్లేదు. అద్దంలోంచి చూశాడు. ఉంది. మళ్ళీ తడిమాడు.

“ఉస్తాద్ ఇట్లాంటిది చూసి ఉండడు” అన్నాడు చివరికి, ఎవరినో క్షమించినట్టు.

“చూసింటే మీ కంటే ముందు ఆయన భార్య చెప్పి ఉండేది” అని మేరాజ్ బీ లోపలికి పోయింది. రోట్లో వెల్లుల్లి చప్పుడు మళ్ళీ మొదలయింది.

ఓబిలేష్ నవ్వాడు. “ఇంక భయం లేదు మామా. రంగు పూసిన దొంగ వాచీ అయితే సూది దిగి గుంట పడాల. గుంట లేదు, తోక ఉండాది. నువ్వు మార్చినావని ఇంక ఎవరంటారు?”

“నేను మార్చలేదని తేలింది. వాని మనసులో ఏముండిందో తేల్యా కదా.” జమాల్ సాబ్ మూత బిగించి, వాచీని మెత్తటి గుడ్డలో చుట్టి, సొరుగులో పెట్టి తాళం వేశాడు. తాళం లాగి చూశాడు. “ఆ సేటు ఊరికే ఎందుకిచ్చినాడు? వీడు స్పీకరు మీద ఎందుకు పెట్టినాడు? బామ్మర్దిని ఎందుకు పిలిచినాడు? నాకు ఒక్కటీ నచ్చల్యా.”

“మామా…”

“నువ్వు పోయేది వాని యూనిట్ మీదే కదా? పోయి, ఎండ ఉండంగానే రమ్మన్నానని చెప్పు. బామ్మర్ది కూడా రానీ. వాచీ గడప దగ్గర, ఎండలో చూపిస్తా. ఇంకొకటి, బాగా విను. తోక చంద్రుడు చెక్కుచెదరకుండా ఉన్నాడని వానితో నువ్వే చెప్పు. చెప్పేటప్పుడు మిషన్ దిక్కు చూడొద్దు, వాని మొగం చూడు. సంతోషపడతాడో, చప్పబడతాడో, నాకు మొగమాటం లేకుండా వచ్చి చెప్పు. వచ్చేటప్పుడు మన ఇనుప సామాన్ల శీనయ్య అంగట్లో గుర్తు గీసే సూది ఒకటి తీసుకొనిరా. గట్టిది.”