ఎడమ కన్నులో తెలుపు

నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. ఎలుకల క్రోమోజోములోంచి ఒక ముక్క తీసేసి, ఆ ఎలుకకు కణితి పుడుతుందా లేదా అని చూడటం మా పని. పుడితే, కణితిని ఆపే జీన్ ఆ ముక్కలో ఉందన్నమాట. ఇంకా చిన్న చిన్న ముక్కలు తీస్తూ పోయి ఆ జీన్ ఏదో పట్టుకుంటాం. ప్రతి జీన్‌కూ రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. చాలాసార్లు రెండూ పోతేనే కణితి మొదలవుతుంది.

చెరుకు నరికే రోజుల్లో బోధన్‌లో అక్క ఇంటికి వెళ్లాను. అక్కకు ఏడాది దాటిన కూతురు. సాయంత్రం వరండాలో పిల్లను ఫోన్‌తో ఫోటో తీశాను. ఫ్లాష్‌కి కుడి కన్ను ఎర్రగా పడింది. ఎడమ కన్ను తెల్లగా మెరిసింది. పక్కనుంచి ఇంకొకటి తీశాను. అదే తెలుపు. కణితిని ఆపే జీన్లలో మొట్టమొదటిది దొరికింది ఇలా కన్ను మెరిసే పిల్లల జబ్బులోనే.

"ఏమైందే, గట్ల సూస్తున్నవ్?" అంది అక్క.

"కంట్ల గడ్డ కావచ్చక్కా. డాక్టర్‌కు సూపిస్తెగాని తెల్వది."

అక్క పిల్లను ఒళ్లోకి లాక్కుంది. అక్క దగ్గరే ఉంటున్న మా అవ్వ ఉప్పు తెచ్చి పిల్లకు దిష్టి తీసింది. నేను ఆపలేదు.

పొద్దున్నే నిజామాబాద్ బస్సెక్కాం. చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు నెమ్మదించినప్పుడల్లా ఆ కంట్లో ఏం పెరుగుతోందోనని పిల్ల ముఖంలోకి వంగి చూశాను. కంటి డాక్టర్ చుక్కలు వేసి, లైటు వేసి చాలాసేపు చూశాడు. ఆగకుండా హైదరాబాద్ వెళ్లమన్నాడు.

అక్కడ కన్ను తీసెయ్యాలన్నారు. ఉంచితే ప్రాణానికే ముప్పన్నారు. బావ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఆపరేషన్ అయ్యాక కణితినీ పిల్ల రక్తాన్నీ పరీక్షకు పంపారు. జీన్ చెడింది ఆ కంట్లోనేనా, ఒళ్లంతానా? ఒళ్లంతా అయితే రెండో కన్నుకూ భయమే, అక్కకు పుట్టబోయే పిల్లలకూ భయమే.

రిపోర్టు రాకముందే పనికి వెళ్లాను. ఎలుకను పట్టుకుని, కణితి ఉందేమోనని దాని పొట్ట తడిమి చూడాలి. ఏళ్లుగా చేసే పనే. ఆ రోజు ఎలుకను పక్కనున్న ఆమెకిచ్చి చూడమన్నాను. అంతలో అక్క ఫోన్ చేసింది.

"నా రక్తంల నుంచే అచ్చిందా? నిజం జెప్పు."

"ఇంకా తెల్వదక్కా. అచ్చినా నీ తప్పుగాదు."

పిల్ల నిద్ర లేచేదాకా అక్క ఫోన్ పెట్టెయ్యలేదు.

రక్తంలో ఆ దోషం కనిపించలేదు. అయితే పూర్తిగా భయం లేదని తేల్చి చెప్పలేమని, కొన్నేళ్లు పరీక్షలకు వస్తూ ఉండాలని హైదరాబాద్ డాక్టరమ్మ అంది.

పిల్ల ఇప్పుడు నడుస్తోంది. ఎడమ వైపు ఎవరున్నారో చూడాలంటే తలంతా తిప్పుతుంది. పరీక్షల రోజు నేనూ సెలవు పెట్టి వెళ్తాను. డాక్టర్ కుడి కంట్లోకి లైటు వేసినప్పుడు అక్క నా మణికట్టు పట్టుకుంటుంది. బాగుందని చెప్పాక కూడా వెంటనే వదలదు.