జప్తులో పోయిన సీసా

హోసూరు దగ్గర ఉద్దనపల్లిలో మా పక్కింట్లో ఒక నాటువైద్యుడు ఉండేవాడు. నేను ఆయన్ని అన్నా అని, ఆయన భార్యను అక్కా అని పిలిచేదాన్ని. మోకాళ్ళ నొప్పులకు ఆయన ఇచ్చే చూర్ణం కోసం అంచెట్టి కొండల నుంచి కూడా జనం బస్సులు మారి వచ్చేవాళ్ళు. రెండు రోజులు తింటే చాలు, నొప్పి తెలిసేది కాదు. అక్క కూడా ఏళ్ళుగా అదే తినేది.

తొంభైల చివర్లో ఒక పొద్దున ప్రభుత్వ జీపు వచ్చింది. చూర్ణంలో ఇంగ్లీషు మందు కలుస్తోందని ఎవరో ఫిర్యాదు చేశారట. సాక్షి సంతకానికి అధికారి నన్ను పిలిచాడు. డబ్బాలన్నీ వాకిట్లో పెట్టించి, పరీక్షకు పొట్లాలు కట్టి, లక్కతో సీలు వేశారు. ఇంట్లో ఇంకా ఏమైనా ఉందా అని అధికారి నన్ను తమిళంలో అడిగాడు.

అక్క మంచం కింద ఒక సీసా ఉందని నాకు తెలుసు. దాస్తే నా మీదికి వస్తుందని భయపడి చెప్పేశాను.

"ఏం చెల్లీ, అది లేకుంటే నేను లేయలేనని నీకు తెల్దా?" అంది అక్క.

"చెడ్డదైతే నా పెండ్లానికే ఇస్తానా సార్?" అన్నాడు అన్న. అధికారి వినలేదు. సీసా కూడా జీపెక్కింది.

నాలుగో నాటికి అక్క వాంతులతో పడిపోయింది. కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఉబ్బిన ఆమె ముఖం చూసి డాక్టరు చూర్ణం సంగతంతా అడిగాడు. అందులో స్టెరాయిడ్ ఉండి ఉంటుందని, ఏళ్ళ తరబడి తిన్నదాన్ని మెల్లగా తగ్గించాలే గానీ ఒక్కసారిగా ఆపకూడదని చెప్పాడు. ప్రాణం నిలిపారు.

కొన్ని నెలలకు పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరు చెప్పిందే నిజం. అన్న మీద కేసు పెట్టారు.

"పొడి బెంగుళూరు నుంచి తెప్పిస్తా ఉంటిని. ఆడనే కలిపినారు, నాకు తెల్దు చెల్లీ," అన్నాడు అన్న. నమ్మాలో వద్దో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

నొప్పులు మళ్ళీ వచ్చి అక్క మంచం దిగలేకపోయింది. ఒకరోజు రాగిగంజి తాగిస్తూ, "నా మింద కోపమా అక్కా?" అని అడిగాను.

"నువ్వు చెప్పకుంటే అదే తింటా ఉందును. చెప్పినావు, పడుకోనుండాను. కోపం యాడ పెట్టుకొనేది?" అని అక్క ముఖం గోడవైపు తిప్పుకుంది.

హోసూరు కోర్టులో కేసు తేలకముందే ఆమె పోయింది. అన్న ఇల్లు ఖాళీ చేసి సూళగిరికి వెళ్ళిపోయాడు. పోతూ నాకు చెప్పలేదు.