ఒక పక్క రాజు

ఆ రోజుల్లో నాకు తెలీని సంగతంటూ ఈ అనంతపురం జిల్లాలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. హిస్టరీలో ఎమ్మే చేసినాను, ఒక నాటక సమాజంలో వేషాలకు ఉడుపులు కుట్టించే ఉద్యోగం కొత్తగా దొరికింది, ఇంకేం కావాల? (మా నాయన మాత్రం, వీనికి పంచె కట్టుకునేది రాదు, రాజులకు బట్టలు కుట్టిస్తాడంట అనేవాడు. నిజమే, ఇప్పటికీ రాదు.) నా మొదటి పని, సమాజంలో అందరికన్నా పెద్ద నటుడు వేషాల తాతకు చివరిసారి రాజు వేషం కట్టించడం. ఆయన గురువు ఉడుపుల్ని ఎప్పుడో చెదలు తినేసినాయి. "ఒక్కసారి మా గురువు మాదిరి కనపడితే చాలప్పా" అని తాత నా చెయ్యి పట్టుకున్యాడు. మిగిలింది గురువుది ఒకే పాత ఫోటో. అందులో ఆయన కుడి పక్క మాత్రమే కనపడతాది.

బట్టలకు పామిడి దర్జీ అన్ననూ, కిరీటానికీ భుజకీర్తులకూ తోలుబొమ్మలు చేసే మామనూ కుదిర్చినాను. ఇద్దరూ గట్టి పనోళ్లు. నా భయమూ అదే, యాడ సొంత తెలివి చూపిస్తారోనని. ఎడమ పక్క ఎట్లుండాలని దర్జీ అన్న అడగబోతే, చరిత్రలో ఊహలకు చోటు లేదని ఉపన్యాసం దంచినాను. ఫోటోలో లేనిది దారప్పోగు కూడా వద్దన్యాను. బొమ్మల మామ సంబరపడినాడు, ఆయన బొమ్మలన్నీ పక్కకు తిరిగినవే కదా!

నాటకం రోజు సాయంత్రం పెట్టె తెరిచినాను. అంగీకి కుడి పక్కంతా జరీ, అద్దాలు. ఎడమ పక్క ఉత్త ఎర్ర గుడ్డ. కిరీటం పలక మాదిరి చదునుగా ఉండాది. భుజకీర్తి ఒక్కటే. రెండోది యాడంటే, ఫోటోలో ల్యాకపాయె అన్యారిద్దరూ నెమ్మదిగా. తాత వాటినే కట్టుకొని స్టేజీ ఎక్కినాడు. జనానికి కుడి పక్కే చూపిస్తా ఎండ్రకాయ మాదిరి అడ్డంగా నడిచినాడు. వెనక నిలబడిన మంత్రిని తల తిప్పకుండానే తిట్టినాడు. లోపలికి పోవాల్సినప్పుడల్లా వెనక్కి నడిచినాడు. రాజుకు మెడ పట్టేసినట్టుందని ముందు వరసోళ్లు జాలిపడినారు. తెర పక్కన నేను టవల్ నోట్లో కుక్కుకొని నవ్వలేక, ఏడ్వలేక చచ్చినాను. చివరికి పద్యం కోపంలో పడి తాత అంతా మరిచి ఎదురుగా తిరిగినాడు. సగం రాజు, సగం ఎర్ర గుడ్డ! జనం నవ్విన నవ్వుకు షామియానా ఎగిరిపోతాదేమో అనిపించింది. తాత మాత్రం ఆగలేదు. అట్లే నిలబడి మిగతా పద్యం ఎత్తినాడు. పద్యం ముగిసేసరికి నవ్వేవాడు ఒక్కడూ లేడు.

లోపలికొచ్చినాక తాత కాళ్ల మీద పడినాను. ఆయన కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్యాడు.

"ఇరవై ఏండ్లు మా గురువుకు ఆ ఉడుపులు కట్టింది నేనే గదప్పా. ఎడమ భుజం మీద రామచిలక ఉండేది. సదువుకున్నోడివి, నీకు తెలిసే ఉంటాదిలే అనుకున్యా. ఒక మాట అడిగింటే చెప్పేవాణ్ణి."

ఫోన్లో ఆ ఫోటోను ఎన్నిసార్లు పెద్దది చేసి చూసినానో లెక్క లేదు. పక్కనే కూర్చున్న మనిషిని అడగాలని ఒక్కసారి కూడా తట్టలేదు. అప్పటి ఆ ఎమ్మే పిల్లోణ్ణి తల్చుకుంటే నవ్వొస్తాది, నవ్వుతాంటేనే ఆ రామచిలక గుర్తుకొస్తాది.