కాంతయ్య నాలుక

కల్లు రుచి చెప్పడంలో కాంతయ్య నాలుకకు ఎదురు లేదని సముద్రం దాటి తెలుగువాళ్లు వలసొచ్చిన బంటింగ్ ఊరి చుట్టుపక్కల తోటల్లో ఒకప్పుడు అందరూ ఒప్పుకునేవారు. చెట్టు దిగి, కుండ చెవి దగ్గర పెట్టుకుని నురగ చప్పుడు వినేవాడు. ఓ చుక్క నాలుక మీద వేసుకుని అది ఏ కొబ్బరిచెట్టుదో చెప్పేసేవాడు. ఆయన కల్లు గీసిచ్చే ఎస్టేటు దుకాణం మూతపడి ఇరవై ఏళ్లు దాటినా ఆ గొప్ప మాత్రం తగ్గలేదు. పాపం, రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం ఆ నాలుకనూ ముక్కునూ కాస్తా ఎత్తుకుపోయింది. చేపల పులుసూ వేణ్ణీళ్లూ ఆయనకు ఒకటే అయిపోయాయి. సిగ్గుపడి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, పెళ్లాం చిన్నతల్లికి కూడా. ఆవిడ ఏం వండినా “బాగున్నాది” అనేవాడు.

అలాంటి మనిషిని తెలుగు సంఘంవాళ్లు బస్సెక్కించి ఇపో పట్నం దగ్గరున్న ఓ ద్రాక్షతోటకు తీసుకెళ్లారు. తోట చూశాక వైన్ రుచి చూపిస్తారట. “కాంతయ్య ఉండగా మనకేటి బెంగ? ఏది మంచిదో ఆయనే సెప్తాడు” అని బస్సంతా ఒకటే గోల. ఈయన మాత్రం, ఇవాళ్టితో నా పరువు గంగలో కలిసినట్టే అనుకున్నాడు.

పందిళ్ల కింద అందరినీ తిప్పాక, తోట మనిషి శివనేశన్ బల్ల మీద గ్లాసులు పేర్చాడు. గ్లాసు తిప్పాలి, వాసన చూడాలి, పుక్కిలించి బకెట్లో ఉమ్మెయ్యాలి అని అరవంలో పాఠం చెప్పాడు. ఉమ్మడమా! కాంతయ్య ఒక్క చుక్కా ఉమ్మదలుచుకోలేదు. అలవాటు కొద్దీ గ్లాసు చెవి దగ్గర పెట్టుకున్నాడు. జనం గొల్లున నవ్వారు.

“ఏటి మామా, ఫోనొచ్చినాదా?” అంది చిన్నతల్లి.

మొదటి గ్లాసు ఆయన నాలుకకు ఉత్త నీళ్లు. రెండోదీ నీళ్లే. మూడోదీ అంతే. మూడింటికీ “బాగున్నాది, బాగున్నాది” అని పెద్దరికంగా తలూపాడు. తల మాత్రం అప్పటికే గాల్లో తేలుతోంది. నాలుగోది నోట్లో పడగానే దవడలు జివ్వుమన్నాయి. ముక్కులోకి ఏదో ఘాటుగా ఎక్కింది. నిన్నటి కుండ అడుగున మిగిలిన కల్లు వాసన!

“ఇది పులిసిపోనాది!” అని కేకేశాడు.

శివనేశన్ మొహం మాడ్చుకున్నాడు. తోటలోకెల్లా ఖరీదైన సీసా అది. తనూ ఓ గుక్క తాగాడు, మూతి వంకర తిరిగింది. కిక్కురుమనకుండా వెళ్లి ఇంకో సీసా తెచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. పోయిన రుచీ వాసనా తిరిగొచ్చిన కాంతయ్యకు అవి వినబడితేగా! ద్రాక్షాకు నలిపి వాసన చూశాడు, మట్టి వాసన చూశాడు, శివనేశన్ తల వంచి నూనె వాసన కూడా చూశాడు. ఏడుపొచ్చేంత సంతోషంతో, అరవై ఎనిమిదేళ్ల మనిషి, పందిళ్ల మధ్య గంతులేశాడు.

తిరుగు బస్సులో చిన్నతల్లి పులిహోర పొట్లం విప్పింది. కాంతయ్య పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని అదిరిపడ్డాడు.

“ఏటే ఇది? ఉప్పు గుమ్మరించినావా?”

చిన్నతల్లి చెయ్యి ఆగిపోయింది. “తెలిసినాదా మామా?” అంది. ముందు నవ్వింది, ఆ నవ్వులోనే కళ్లు నిండాయి. “నీకు నాలిక పోనాదని నాకు మొదటి వారమే తెల్సు. కూరలో పంచదార ఏస్తే బాగున్నాది అన్నావు. కూసింతైనా తగుల్తాదేమో అని ఉప్పూ పులుపూ పెంచుకుంటా వచ్చినాను.”

“మరి నువ్వేటి తిన్నావే ఇన్నాళ్లూ?”

“అదే తిన్నాను. నాకు ఏరే వండుకుంటే నీకు తెలిసిపోదా?”

కాంతయ్య ఆవిడ చేతిలో పొట్లం లాక్కుని, మెతుకు మిగల్చకుండా మొత్తం తినేశాడు. బంటింగ్ చేరేలోగా నీళ్ల కోసం మూడుసార్లు బస్సు ఆపించాడు.